సింకు కింద కార్బన్ ఫిల్టరు: ఏడు నెలలు వాడాక

ముందే చెప్తున్నా, కంపెనీ పేరు రాయను. రాస్తే డబ్బులు తీసుకుని రాసిందంటారు, పైగా ఇది ఒక్క కంపెనీ సంగతి కూడా కాదు. పది అంగుళాల హౌసింగులో (ఫిల్టరు బిగించే డబ్బాలో) పట్టే కార్బన్ బ్లాక్ కార్ట్రిజ్ ఎవరు అమ్మినా లోపల ఉండేది నొక్కి గట్టి చేసిన బొగ్గే. నాకు బిగింపుతో కలిపి 5,400 రూపాయలు పడింది, తర్వాత మార్చుకునే కార్ట్రిజ్ ఒక్కోటి 1,350. తొందరలో ఉన్నవాళ్ల కోసం: ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర ఎక్కడ కోశానో తెలియాలంటే మాత్రం కొంచెం ఓపిగ్గా చదవాలి.

మాది హైదరాబాదులో 32 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. రోజు విడిచి రోజు జలమండలి (నగర నీటి బోర్డు) నీళ్లొస్తాయి. అవి నాగార్జునసాగర్ దగ్గర్నుంచి వంద కిలోమీటర్లకి పైగా పైపుల్లో వచ్చే కృష్ణా నీళ్లు, అయినా మా అత్తగారికి ఇప్పటికీ అవి "మంజీరా" నది నీళ్లే. చాలకపోతే బోరు, ఎండాకాలం ట్యాంకర్లు. మూడూ పోయి ఒకే సంపులో పడతాయి, అక్కణ్నుంచి పైన ట్యాంకుకి, అక్కణ్నుంచి కుళాయికి. ఈ సంపు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు పొద్దున టీ నోట్లో పెట్టుకుంటే స్విమ్మింగ్ పూల్ నీళ్లతో కాచినట్టుంది. పాలు మారలేదు, టీ పొడి మారలేదు. మధ్యాహ్నం పప్పులోనూ అదే వాసన. మా ఆయన ముక్కుకి ఏదీ అంత తొందరగా తెలీదు కాబట్టి ఆయన రెండో గ్లాసు కూడా తాగేశారు, కానీ అత్తగారు "క్లోరిన్ ఎక్కువైతే క్యాన్సరొస్తుందట" అని ఎవరో ఫార్వర్డ్ చేసిన వీడియో చూపించారు. అదొక టెన్షన్ మొదలైంది ఇంట్లో.

ముందు ఆర్‌ఓ (సన్నటి పొరలోంచి నీళ్లు వడగట్టే మిషన్) అమ్మే అబ్బాయి వచ్చాడు. రెండు గ్లాసుల్లో నీళ్లు, ఒకటి మా కుళాయివి, ఒకటి వాళ్ల సీసాలోవి. లోహపు కడ్డీలున్న చిన్న పరికరం రెండింట్లో ముంచి స్విచ్ వేశాడు. నిమిషంలో మా గ్లాసు తుప్పు రంగుకి తిరిగి పైన మురికి నురగ తేలింది, వాళ్ల గ్లాసు తేటగా అలాగే ఉంది. "ఆంటీ, మీరు రోజూ తాగేది ఇదే" అన్నాడు. అత్తగారు గుండె మీద చెయ్యేసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి వాళ్ల తేట గ్లాసులో వేసి, మళ్లీ స్విచ్ వెయ్యి బాబూ అన్నా. అదీ తుప్పు రంగే! ఆ కడ్డీలు ఇనుపవి, నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పవుతుంది, అంతే. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు చాలా తక్కువ కాబట్టి పెద్దగా ఏమీ అవదు. ఆ తుప్పు రంగుకి మురికితోనూ, క్లోరిన్‌తోనూ సంబంధం లేదు. తర్వాత నీళ్లలో కరిగిన లవణాలు లెక్కకట్టే టీడీఎస్ మీటరు తీశాడు, మాకు 310 చూపించింది. 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్‌ఓ అక్కర్లేదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలే అంది కదా అంటే మాట మార్చాడు.

అసలు మా సమస్య టీడీఎస్ మీటరుకి దొరికేదే కాదు. క్లోరిన్ అంటే భయపడేది క్లోరిన్ గురించి కాదు, అది నీళ్లలో పడ్డాక పుట్టించే వాటి గురించి. జలాశయంలో ఆకులు, నాచు కుళ్లి నీళ్లలో కరుగుతాయి (ఎండుటాకులు నానిన నీళ్లు లేత టీ రంగులో ఉంటాయి చూడండి, అదే). ఆ కరిగిన పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫాం, బ్రోమోఫాం, మధ్యలో ఇంకో రెండు పుడతాయి. ఈ నాలుగింటినీ కలిపి ట్రైహాలోమీథేన్లు అంటారు, పొట్టిగా టీహెచ్‌ఎంలు. ఇవి కాక హాలో అసిటిక్ ఆసిడ్లని ఇంకో గుంపు. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్ నీటి సరఫరాలో పనిచేసే యోహానెస్ రూక్ అనే రసాయనవేత్త మొదట బయటపెట్టాడు, అదే ఏడాది అమెరికా వాళ్లూ విడిగా కనుక్కున్నారు. నీళ్లు వెచ్చగా ఉంటే ఇవి ఎక్కువ పుడతాయి, క్లోరిన్ ఎక్కువసేపు నీళ్లతో ఉంటే ఇంకా ఎక్కువ. మన ఏప్రిల్ ఎండలో డాబా మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకుని తలుచుకోండి ఒకసారి.

ఇక ప్రమాదం ఎంత? ఏళ్ల తరబడి ఇవి ఎక్కువగా ఉన్న నీళ్లు తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువ కనిపించిందని యూరప్‌లో, అమెరికాలో చేసిన అధ్యయనాలు చెప్తున్నాయి. 2020లో వచ్చిన ఒక యూరప్ అంచనా ప్రకారం అక్కడి మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు 5 శాతానికి ఇవి కారణం కావచ్చు. క్లోరోఫాంని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ "2బి" గుంపులో పెట్టింది, అంటే క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నది అని. అదే గుంపులో ఆసియా సంప్రదాయ ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నాయి (మన ఆవకాయ కాదులెండి, చైనా వైపువి). కాబట్టి ఒక గ్లాసు తాగితే ఏమవుతుందో అని వణికిపోయే సంగతి కాదిది. ముప్ఫై, నలభై ఏళ్ల లెక్క.

వణకాల్సింది క్లోరిన్ లేని నీళ్లకి. 2009లో మన హైదరాబాదు భోలక్‌పూర్‌లోనే కలుషిత నీళ్లు తాగి పదిమందికి పైగా పోయారు, ఆసుపత్రుల్లో పడ్డవాళ్లు వందల్లో. అది నలభై ఏళ్ల లెక్క కాదు, రెండు మూడు రోజుల లెక్క. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ ఉపఉత్పత్తుల్ని తగ్గించండి కానీ దానికోసం క్రిములు చంపే పనిలో మాత్రం రాజీ పడొద్దంటుంది. జలమండలి మూడు దశల్లో క్లోరిన్ వేసేది అందుకే, ఆ చివరి కుళాయి దగ్గర కూడా కాస్త మిగిలి ఉండాలని. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. కాబట్టి నాకు కావాల్సింది క్లోరిన్ ఇంటిదాకా వచ్చి, తన పని చేసి, గ్లాసులోకి రాకుండా సింకు దగ్గర ఆగిపోవడం. దానికి కార్బన్ చాలు. నిజానికి ఆర్‌ఓ మిషన్లలో కూడా క్లోరిన్‌ని ఆపేది లోపలున్న బొగ్గు ఫిల్టరే, క్లోరిన్ తగిలితే ఆ పొర పాడవుతుంది కాబట్టి ముందు బొగ్గు పెడతారు. క్లోరోఫాం లాంటి చిన్న అణువు ఆ పొరలోంచి బాగానే జారిపోతుంది కూడా.

ఇప్పుడు ఫిల్టరు. బిగించడం అరగంట పని, ప్లంబర్ కుర్రాడు సింకు కింద రెండు స్క్రూలు కొట్టి పక్కన చిన్న కుళాయి పెట్టాడు. మొదటి రెండు నిమిషాలు కాటుక కలిపినట్టు నల్ల నీళ్లు, తర్వాత బూడిద రంగు, తర్వాత పాలలాగా తెల్లగా. ఆ తెలుపు గాలి బుడగలు, గ్లాసు పక్కన పెడితే కింద నుంచి పైకి తేటపడుతూ వస్తుంది. పది నిమిషాలు వదిలేయాలి, బకెట్లో పట్టి మొక్కలకి పోశా. ధార సన్నం, లీటరు నిండటానికి ముప్పావు నిమిషం పడుతుంది, బియ్యం కడగడానికి దాన్ని వాడాలనుకుంటే ఓపిక చాలదు. మూడో రోజు హౌసింగు కింద చుక్కచుక్కగా కారింది, ఓ రింగు మెలిపడింది, తీసి సరిచేసి బిగిస్తే ఆగింది. రుచి మాత్రం మొదటి రోజు నుంచే మారిపోయింది, టీ మళ్లీ టీ అయింది.

పెట్టె మీద అచ్చుని చదవడం నా జబ్బు. ముందువైపు పెద్దక్షరాల్లో "10,000 లీటర్లు", "6 నెలలు". వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో రెండు లెక్కలున్నాయి: క్లోరిన్, వాసన, రుచికి 10,000 లీటర్లు, టీహెచ్‌ఎంలకి 2,000 లీటర్లు. ఫిల్టర్లని పరీక్షించే అమెరికా సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రమాణాల్లో 42 అంటే రుచి, వాసన, క్లోరిన్ వరకే. టీహెచ్‌ఎంల లాంటి ఆరోగ్య సంగతులకి 53. చాలా ఫిల్టర్ల మీద 42 ఒక్కటే ఉంటుంది, కొన్నవాళ్లు అన్నీ పోతాయనుకుంటారు. నేను కొన్నదానికి రెండూ ఉన్నాయి, కానీ ఆ 2,000 చూశారా? మేం నలుగురం, తాగడానికీ వంటకీ రోజుకి ఇరవై లీటర్లు. అంటే వంద రోజులు. ఆరు నెలలు కాదు! బిగించిన ప్లంబర్‌కీ తెలీదు, ఫోన్లో కస్టమర్ కేర్ అమ్మాయికీ తెలీదు, "వాసన వచ్చేదాకా వాడుకోవచ్చు మేడమ్" అంది. కోసిన ఒకటిన్నరలో ఒక మార్కు పోయింది ఇక్కడే, ఎందుకు తప్పో కింద చెప్తా.

పని చేస్తోందో లేదో చూద్దామని టెస్టు చేయించాలనుకున్నా. మొదటి ల్యాబుకి ఫోన్ చేస్తే పీహెచ్, టీడీఎస్, హార్డ్‌నెస్ అన్నీ వస్తాయన్నారు. క్లోరోఫాం అన్నా. "అది మత్తుమందు కదండీ" అన్నాడు అవతలాయన, పెట్టేశా. రెండో ల్యాబు వాళ్లకి తెలుసు, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం మీద చేస్తాం, నాలుగూ విడివిడిగా ఇస్తాం అన్నారు, సాంపిలుకి నాలుగు వేలకి పైనే. చిన్న గాజు సీసాలు పంపారు, అడుగున పంచదార పలుకుల్లాంటివి ఉన్నాయి. అత్తగారు "ఏదో మిగిలిపోయింది సీసాల్లో" అని పాపం రెండింటినీ వేడినీళ్లతో శుభ్రంగా కడిగి బోర్లించారు. అవి థయోసల్ఫేట్ పలుకులు, సీసాలో పోశాక క్లోరిన్ ఇంకా పని చేస్తూ టీహెచ్‌ఎంలు పెంచకుండా ఆపేందుకు వేసినవి! మళ్లీ సీసాలు తెప్పించా. నింపేటప్పుడు గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు, ఇవి గాలిలోకి ఎగిరిపోయే రకం కాబట్టి అంచుదాకా ఉబ్బేలా పోసి మూత పెట్టాలి, తిరగేస్తే బుడగ కనబడకూడదు. నాకు నాలుగోసారికి కుదిరింది.

మార్చిలో వచ్చిన రిపోర్టు: కుళాయి నీళ్లలో నాలుగూ ఉన్నాయి, అన్నీ ఐఎస్ 10500 హద్దుల్లోపే, క్లోరోఫాం వాటా ఎక్కువ. ఫిల్టరు నీళ్లలో నాలుగూ పరికరానికి అందనంత తక్కువ. బాగుంది. అయితే హద్దు అనే మాట దగ్గర ఒక చిన్న సంగతి. మన దగ్గర ఒక్క క్లోరోఫాంకే లీటరుకి 0.2 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు, మిగతా మూడింటికీ వేరే హద్దులు. అమెరికాలో నాలుగూ కలిపి 0.08. మా చెల్లి టెక్సాస్‌లో ఉంటుంది, ఏడాదికోసారి నీళ్ల సరఫరా వాళ్లు ఇచ్చే రిపోర్టులో టీటీహెచ్‌ఎం (మొత్తం టీహెచ్‌ఎంలు) అని ఒక వరుస, దాని పక్కన అంకె, ఇంటింటికీ అందుతుంది. నాలుగు వేలు పెట్టి సీసాలు కడుక్కోనక్కర్లేదు దానికి. నా రిపోర్టు మన హద్దులో హాయిగా ఉంది, వాళ్ల హద్దు పక్కన పెడితే మాత్రం అంత హాయిగా లేదు. ఆ హాలో అసిటిక్ ఆసిడ్ల గుంపుకి మన పట్టికలో అసలు వరుసే లేదు.

జులై మొదట్లో, అంటే నాలుగు నెలలకి, మళ్లీ చేయించా. ముందు ఇంట్లో క్లోరిన్ చుక్కల టెస్టు: కుళాయి నీళ్లు పసుపుపచ్చ, ఫిల్టరు నీళ్లు తేట. వాసన లేదు, రుచి బాగుంది, టీ బాగుంది. ల్యాబు రిపోర్టులో మాత్రం ఫిల్టరు నీళ్లలో క్లోరోఫాం మళ్లీ కనిపించింది, కుళాయిలో ఉన్నదాంట్లో సగం దాకా. ఎందుకంటే బొగ్గు క్లోరిన్‌ని చాలాకాలం ఆపగలదు, క్లోరోఫాంని పట్టుకునే చోటు మాత్రం ముందే నిండిపోతుంది. కాబట్టి "వాసన వచ్చేదాకా వాడుకోవచ్చు" అన్న మాట పూర్తిగా తప్పు. వాసన వచ్చేసరికి అసలు పని ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. లీటర్ల లెక్కే లెక్క. ఏడాదికి దాదాపు నాలుగు కార్ట్రిజ్‌లు, ఐదు వేల చిల్లర.

ఇంకో అర మార్కు ఎందుకు పోయిందంటే, ఈ ఫిల్టరు దాటిన నీళ్లలో క్లోరిన్ ఉండదు, అంటే కాపలా ఉండదు. రాత్రంతా నిలవున్న నీళ్లు పొద్దున ఒక నిమిషం వదిలేయాలి. తిరుపతి వెళ్లి ఐదు రోజులకి వచ్చేసరికి మొదటి గ్లాసు మగ్గిన వాసన, ఐదు నిమిషాలు వదిలాకే బాగుపడింది. పట్టిన నీళ్లు బిందెలో మూడు రోజులు ఉంచుకోవడం లాంటివి కుదరవు. ఈ సంగతి వాళ్ల కాగితంలో ఎక్కడా లేదు.

ఇప్పుడు సంపు. ఆ ఫిబ్రవరి వాసన ఎక్కణ్నుంచి వచ్చిందో ఆలోచిస్తే, పక్క అపార్ట్‌మెంటుకీ అవే కృష్ణా నీళ్లు, వాళ్లకి వాసన లేదు. మా వాచ్‌మన్‌ని అడిగా. మొహమాటం లేకుండా చూపించాడు: మెట్ల కింద బ్లీచింగ్ పౌడర్ బస్తా, పక్కన విరిగిన ప్లాస్టిక్ మగ్గు. "మునుపటి బస్తాది రెండు మగ్గులేసినా వాసన రాకుండేనమ్మా, ఇది కొత్తది, గట్టిగున్నది" అన్నాడు. తప్పు అతనిది కాదు. మూతి విప్పిన బస్తాలో క్లోరిన్ వారాల్లో ఎగిరిపోతుంది, పాత బస్తాకి చెయ్యి అలవాటు పడింది, కొత్త బస్తాకీ అదే చెయ్యి. మా సంపు నలభై వేల లీటర్లు. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు చాలు, అంటే వంద గ్రాములు. వంటింటి త్రాసులో తూచి చూస్తే తలకొట్టి పోసిన ఒక ఛాయ్ గ్లాసు. అతను వేసేది రెండు మగ్గులు, కిలో పైనే! అదీ జలమండలి నీళ్లలో అప్పటికే క్లోరిన్ ఉన్న రోజు కూడా.

అసోసియేషన్ మీటింగులో చెప్తే ముందు నవ్వారు, తర్వాత ట్రెజరర్ గారింట్లో కూడా టీ అలాగే ఉందని తేలింది. జులైలో సంపు కడిగించాం. నాలుగేళ్లయిందట కడిగి. అడుగున రెండు వేళ్ల మందం నల్ల బురద, అందులో వేపాకులు, ఒక చెప్పు, రెండు బల్లులు. క్లోరిన్‌కి ఆ బురదంతా మేత, టీహెచ్‌ఎంల కార్ఖానా పెట్టినట్టే ఉంది మేమే. ఇప్పుడు మగ్గు పోయి ఛాయ్ గ్లాసు వచ్చింది, అదీ ట్యాంకరో బోరో కలిసిన రోజే. బోరు నీళ్లలో బ్రోమైడ్ ఉంటే బ్రోమిన్ ఉన్న రకాలు పెరుగుతాయి, మార్చి రిపోర్టులో అవి కనబడ్డాయి కూడా. సెప్టెంబరులో కుళాయి నీళ్లొక్కటే టెస్టు చేయించా, మొత్తం సగానికి పైగా తగ్గింది. వానలు పడ్డాయి, ఎండ తగ్గింది, బోరు ఆపేశారు కాబట్టి ఘనతంతా సంపు కడగడానికే ఇవ్వను, కానీ 32 ఇళ్లకి కలిపి మాకు అయిన ఖర్చు ఇంటికి రెండు వందలు. నా ఫిల్టరు 5,400.

ఎవరు కొనాలి, ఎవరొద్దు? మున్సిపల్ నీళ్లో మిషన్ భగీరథ నీళ్లో వస్తూ, క్లోరిన్ వాసన ఇబ్బంది పెడుతుంటే కొనండి. బోరు ఒక్కటే ఉంటే దండగ. ఫ్లోరైడ్, గట్టిదనం, నైట్రేట్ ఈ బొగ్గుకి దొరకవు, నల్గొండ వైపు వాళ్లు దీన్ని నమ్ముకోకండి. ఏమీ కొనలేకపోతే మూత తీసి పది నిమిషాలు మరగబెట్టండి, క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది, టీహెచ్‌ఎంలు చాలావరకు ఆవిరితో పోతాయి. హాలో అసిటిక్ ఆసిడ్లు మాత్రం అలా పోవు. టీహెచ్‌ఎంలు ఇలా ఆవిరయ్యే రకం కాబట్టే వేడినీళ్ల స్నానంలో ఊపిరితో లోపలికి కూడా వెళ్తాయి, బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి, రెండు వేలకి అమ్మే షవర్ ఫిల్టరు జోలికి పోకండి. మా అత్తగారైతే ఫిల్టరు నీళ్లు కుండలో పోసుకుని తాగుతున్నారు, వద్దంటే వినరు, రోజూ కడుగుతానన్న మాట మీద ఒప్పుకున్నాను.

రెండో కార్ట్రిజ్ మీద తెల్ల టేపు అంటించి బిగించిన తేదీ రాశాను. వచ్చే బుధవారానికి నూరు రోజులు. కొత్తది తెచ్చి పెట్టా, హౌసింగు విప్పే స్పానర్ ఎక్కడ పెట్టారో మా ఆయన్నడగాలి.